డబుల్ అన్నప్పుడు రెండయ్యేది ఏది?

హైదరాబాదులో డబుల్ బెడ్‌రూం ఇల్లు అంటే రెండు పడకగదులున్న ఇల్లు. తెలంగాణ ప్రభుత్వం 2015లో పేదల కోసం చేపట్టిన, ఒక్కొక్కటి 560 చదరపు అడుగుల్లో కట్టే ఇళ్ల పథకం కూడా ఆ పేరుతోనే జనం నోళ్లలో నిలిచింది. అదే మాట లండన్‌లో ఒక అద్దె ప్రకటనలో కనిపిస్తే అక్కడ ఉన్నది ఒక్క గదే. ఇద్దరు పడుకునే మంచం పట్టేంత పెద్ద గది అని మాత్రమే ఆ ‘డబుల్’ చెబుతుంది. హోటళ్లలో ఈ తేడా మరింత చిత్రంగా ఉంటుంది. డబుల్ రూమ్‌లో ఇద్దరికీ కలిపి ఒకే పెద్ద మంచం వేసి ఉంటుంది, రెండు విడి మంచాలు కావాలంటే అడగవలసినది ట్విన్ రూమ్. అంటే రెండు మంచాలున్న గదికి డబుల్ అన్న పేరు లేదు, ఒకే మంచం ఉన్న గదికి ఉంది. తలకిందులుగా కనిపించినా ఇంగ్లీషు వాడుకలో పొరపాటేమీ లేదు, ఎందుకంటే అక్కడ రెండుగా లెక్కకు వచ్చినవి మంచాలు కావు, మనుషులు.

ఈ మాటతో వచ్చే చిక్కంతా ఇక్కడే ఉంది. డబుల్ అనేది రెండు అన్న సంఖ్యను చెబుతుంది గానీ ఆ సంఖ్యను దేనికి తగిలించాలో చెప్పదు. నిఘంటువు తెరిస్తే నామవాచకంగా, విశేషణంగా, క్రియగా దీనికి పుటల కొద్దీ అర్థాలు కనిపిస్తాయి. వాటన్నిటినీ వరుసగా బట్టీ పట్టడం కంటే, మాట ఎదురైన ప్రతిచోటా ‘ఇక్కడ రెండయినది ఏది’ అని అడగడం వల్ల ఎక్కువ సంగతులు తేలుతాయి.

మాట పుట్టుక కొంత దారి చూపుతుంది. లాటిన్‌లో ‘డుప్లుస్’గా ఉండి పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషుకు చేరిన ఈ మాటలో మొదటి భాగానికి రెండు అని, రెండో భాగానికి మడత అని మూలార్థాలు చెబుతారు. తెలుగువారికి ఈ ఊహ కొత్తది కాదు. మన ‘ఇమ్మడి’లో కనిపించే ‘మడి’ మడతకు చుట్టమే. కన్నడంలోని మడి, తమిళంలోని మడంగు కూడా ఆ కుటుంబానివే. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు భాషాకుటుంబాలు గుణకారాన్ని గుడ్డ మడతగానే ఊహించుకోవడం ఆలోచించదగిన విషయం. గుడ్డను మధ్యకు మడిస్తే పొరలు రెండవుతాయి, మందం రెట్టింపవుతుంది, పొడవు సగానికి తగ్గుతుంది, ఒక సగం మరో సగానికి ప్రతిరూపంగా దాని మీద కూర్చుంటుంది, లోపలి ముఖం కంటికి కనబడకుండా పోతుంది. ఇంత జరిగినా గుడ్డ ఒకటే. డబుల్‌కున్న ముఖ్యార్థాలు ఈ మార్పుల్లో ఏదో ఒకదాన్ని పట్టుకుని పెరిగినట్టు కనిపిస్తాయి. దీన్ని చారిత్రక నిరూపణగా తీసుకోనక్కరలేదు, అర్థాలను గుర్తుపట్టడానికి పనికొచ్చే కొండగుర్తుగా తీసుకుంటే చాలు. మధ్యయుగాల యూరపులో మగవారు తొడిగిన, లోపల అస్తరు వేసి కుట్టిన బిగుతు చొక్కాకు ‘డబ్లెట్’ అన్న పేరు వచ్చింది రెండు పొరలవల్లనే.

అందరికీ ముందుగా తోచే అర్థం రెట్టింపు. ఉన్నది రెండింతలు కావడం. ఇంత సూటి అర్థం కూడా ఎప్పుడూ సూటిగా ఉండదు. అమెరికా సైన్యపు కవాతు నియమాల్లో ‘క్విక్ టైమ్’కు నిమిషానికి 120 అడుగులు, ‘డబుల్ టైమ్’కు 180 అడుగులు. అడుగుల లెక్కలో అది ఒకటిన్నర రెట్లే, అయినా పేరు మాత్రం డబుల్. రైల్వేలో ‘డబ్లింగ్’ అంటే ఒకే లైను ఉన్న మార్గానికి పక్కన రెండో లైను వేయడం. గుంటూరు–గుంతకల్లు మార్గంలో చేపట్టిన పని అటువంటిదే. ఇక్కడ రెండయ్యేవి పట్టాలు. ప్రయోజనం మాత్రం రెట్టింపుతో ఆగదు. ఒంటి లైను మీద ఎదురు బండి దాటేదాకా స్టేషన్లో నిలబడవలసిన ప్రతి రైలుకూ ఆ నిరీక్షణ తప్పుతుంది కనుక, మార్గం మోయగల బళ్ల సంఖ్య రెండింతలకు మించి పెరుగుతుంది. ఒకచోట మాట లెక్కకు మించి చెబుతుంది, మరోచోట లెక్క కంటే తక్కువ చెబుతుంది.

సంగీతంలో ఇది పూర్తిగా ఎదురు తిరుగుతుంది. పాశ్చాత్య వాద్యబృందంలో మనిషి ఎత్తును మించి నిలబడే డబుల్ బాస్, చెల్లో అనే తంత్రీవాద్యం పలికే మంద్రస్వరాన్ని మరో స్థాయి కిందికి దించి పలుకుతుంది. స్థాయి కిందికి దిగిందంటే కంపనాల సంఖ్య సగమయిందని అర్థం. సగమయినదాన్ని డబుల్ అని ఎందుకు పిలవాలన్న ప్రశ్నకు చర్చిల్లో ఉండే పెద్ద ఆర్గన్ వాద్యం మంచి జవాబు ఇస్తుంది. ఎనిమిది అడుగుల గొట్టం పలికే స్వరం కంటే ఒక స్థాయి కిందిది పలకాలంటే పదహారు అడుగుల గొట్టం కావాలి, ఆ వరుసను డబుల్ అనే వ్యవహరిస్తారు. గొట్టం పొడవు రెండింతలయింది, కంపనం సగమయింది; పేరు పెట్టినవారు చూసినది పొడవును.

ఆటల సంగతి త్వరగా చెప్పుకోవచ్చు. టెన్నిస్, బ్యాడ్మింటన్ డబుల్స్‌లో మైదానంలో ఉండేది నలుగురు, రెండు అన్నది ఒక్కో పక్షం లెక్క. సానియా మీర్జా 2015లో వింబుల్డన్ గెలిచినప్పుడు, అమలాపురం యువకుడు సాత్విక్ సాయిరాజ్ చిరాగ్ శెట్టితో కలిసి హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో స్వర్ణం అందుకున్నప్పుడు తెలుగు పత్రికలు ‘జోడీ’ అని, ‘ద్వయం’ అని రాశాయి. అవి సరిగ్గా అతికే మాటలు. ఇంగ్లండు ఫుట్‌బాల్‌లో ఒకే సీజన్లో లీగ్‌నూ కప్‌నూ గెలవడం డబుల్. 1889లో ప్రెస్టన్ నార్త్ ఎండ్ దాన్ని మొదట సాధించింది. బేస్‌బాల్‌లో బంతి కొట్టినవాడు రెండో బేస్‌కు చేరడం డబుల్. అక్కడ ఏదీ రెట్టింపు కాదు, అది వరుసలో రెండోది, అంతే.

నేత దగ్గరికి వస్తే ఈ మాట బరువు తెలుస్తుంది. పోచంపల్లి ప్రాంతంలో చిటికి అని పిలిచే ఇక్కత్ పనిలో నూలును నేయకముందే ముడులు కట్టి రంగు వేస్తారు. పడుగును గానీ పేకను గానీ ఏదో ఒక్కదాన్నే అలా కట్టి రంగు అద్దితే అది సింగిల్ ఇక్కత్. పడుగునూ పేకనూ రెండిటినీ విడివిడిగా కట్టి, విడివిడిగా రంగు వేసి, మగ్గం మీద ఒకదాని బొమ్మ మీద మరొకదాని బొమ్మ సరిగ్గా వచ్చి కూర్చునేలా నేస్తే డబుల్ ఇక్కత్. గుజరాత్‌లోని పాటన్ పటోలా, యాదాద్రి భువనగిరి జిల్లా పుట్టపాకలో నేసే తేలియా రుమాలు ఈ తరహావి. తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ పద్ధతిలో కట్టే పని రెండుసార్లు చేయవలసి రావడం పైకి కనిపించే సంగతి మాత్రమే. అసలు కష్టం రెండు దారాల వరుసలు ప్రతి గడిలోనూ కలవడంలో ఉంది, ఒక పోగు పక్కకు జరిగితే గీత చెదురుతుంది. కాబట్టి సింగిల్ చీర కంటే డబుల్ చీర ధర రెట్టింపే ఉండాలని లెక్క వేసే కొనుగోలుదారు ఆ మాటను తప్పుగా చదువుతున్నాడు. అక్కడి డబుల్ శ్రమకు కొలత కాదు, గుడ్డకుండే రెండు దిశల పేరు.

పూలతోటల ఇంగ్లీషులో సింగిల్ పువ్వు, డబుల్ పువ్వు అని రెండు రకాలున్నాయి. సింగిల్ మందారానికి ఐదు రేకులు ఉంటాయి గనుక డబుల్‌కు పది ఉంటాయని అనుకోకూడదు, ఎన్నయినా ఉండవచ్చు. పువ్వులో కేసరాలుగా ఎదగవలసిన భాగాలు జన్యుమార్పు వల్ల రేకులుగా మారడంతో పువ్వు గుత్తుగా నిండుతుంది. మన ఇళ్లలో దీన్ని ముద్దమందారం అంటారు. ముద్దనందివర్ధనం, ముద్దబంతి కూడా ఆ కోవలోవే. ఇంగ్లీషు మాట పొరలను లెక్కపెట్టబోయి ఆగిపోయింది, తెలుగు మాట కంటికి కనిపించిన నిండుదనాన్ని పట్టుకుంది. తోటపని వ్యాసాల్లో ‘రెట్టింపు మందారం’ అని అనువదించేవారికి చేతిలో ఉన్న మంచి మాట గుర్తు రాకపోవడం బాధ కలిగిస్తుంది.

రెండు అన్నది వస్తువులో ఉందా, చూసే కంటిలో ఉందా అన్న ప్రశ్నను ఖగోళశాస్త్రం అందరికంటే గట్టిగా ఎదుర్కొంది. ఆకాశంలో దగ్గరదగ్గరగా కనిపించే ఏ రెండు నక్షత్రాలనైనా ఇంగ్లీషులో డబుల్ స్టార్ అంటారు. అవి నిజంగా పొరుగున ఉన్నవే కానక్కరలేదు, ఒకటి ఎంతో వెనుక ఉండి కూడా మన చూపు గీతలో పక్కపక్కన పడవచ్చు. విలియం హెర్షెల్ ఎన్నో ఏళ్లు ఇలాంటి జంటలను కొలుస్తూ వచ్చి, కొన్ని జంటలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయని గమనించి, అటువంటి వాటికి 1802లో ‘బైనరీ’ అన్న వేరే మాట వాడాడు. డబుల్ అంటే కనిపించే జంట, బైనరీ అంటే గురుత్వాకర్షణ కట్టిన జంట. తెలుగు పాఠ్యపుస్తకాల్లో రెండింటినీ జంట నక్షత్రాలు అని ఒకే గాటన కట్టడం వల్ల హెర్షెల్ కష్టపడి తెచ్చిన ఆ తేడా విద్యార్థికి అందకుండా పోతోంది. తెలుగు పెళ్లిలో అరుంధతిని చూపించేటప్పుడు వధూవరులు చూసేది ఈ కథలో అతి ముఖ్యమైన జంటనే. సప్తర్షి మండలంలోని వశిష్ఠుడు, అతని పక్కన మసకగా కనిపించే అరుంధతి మామూలు కంటికి అందే డబుల్ స్టార్. 1617లో గెలీలియో శిష్యుడు బెనెడెట్టో కాస్టెల్లి దూరదర్శినితో చూసినప్పుడు వశిష్ఠ నక్షత్రమే రెండుగా విడిపోయి కనిపించింది. 1889లో హార్వర్డ్ పరిశీలకులు వర్ణపటాన్ని బట్టి ఆ రెంటిలో ఒకటి మళ్లీ రెండని తేల్చారు. తరువాత రెండోదీ అంతేనని తెలిసింది. 2009లో అరుంధతికి కూడా ఒక మసక తోడు కనిపించింది. కంటికి రెండుగా కనిపించినవి ఆరు నక్షత్రాలు. డబుల్ అన్న మాట చూపు ఎక్కడ ఆగిందో అక్కడి లెక్క మాత్రమే చెబుతుందనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఒకదానికి మరొకటి ప్రతిరూపంగా ఉండడం ఇంకో అర్థం. ఇంగ్లీషులో ఒక మనిషికి అచ్చంగా అతనిలాగే ఉన్న మరో మనిషి ‘డబుల్’. సినిమాలో నటుడి బదులు ప్రమాదకరమైన ఫీట్లు చేసేవాణ్ణి కూడా అలాగే అంటారు. తెలుగు సినిమావారు అతన్ని డూప్ అంటారు. ఒకే నటుడు రెండు పాత్రలు వేస్తే మాత్రం మనకు అది డబుల్ యాక్షన్. ఆ మాటను ఇంగ్లీషు మాతృభాషగా ఉన్నవారి ముందు అంటే వారికి గుర్తొచ్చేది రివాల్వర్! ట్రిగ్గర్ ఒక్కసారి నొక్కితే గుర్రాన్ని (తూటాను పేల్చే సుత్తిని) వెనక్కి లాగడం, వదలడం రెండూ జరిగే తుపాకీని వారు డబుల్ యాక్షన్ అంటారు. తెలుగు వాడుక తప్పని దీని అర్థం కాదు. అరువు తెచ్చుకున్న మాటకు మనం మన అవసరానికి తగిన కొత్త పని అప్పగించాం, ఆ పని అది దశాబ్దాలుగా సక్రమంగా చేస్తోంది. హైదరాబాదీ విందుల్లో వడ్డించే డబుల్ కా మీఠా సంగతీ ఇటువంటిదే. దాన్ని చేసే బేకరీ రొట్టెకు అక్కడ డబుల్ రోటీ అని పేరు, పిండి పొంగి రెండింతలవుతుంది కనుక అలా అన్నారని ఎక్కువమంది చెప్పే వివరణ.

మడతలో దాగిన లోపలి ముఖం నుంచి వచ్చిన అర్థాలన్నీ అనుమానం పుట్టించేవే. డబుల్ గేమ్, డబుల్ స్టాండర్డ్, డబుల్ ఏజెంట్. తెలుగులో ఇక్కడ రెట్టింపు, జంట అన్న మాటలు పనికిరావు. ద్వంద్వ ప్రమాణాలు, ద్వంద్వ వైఖరి, రెండు నాల్కల ధోరణి అంటాం. రెండు పడవల మీద కాళ్లు పెట్టిన మనిషి ఏ భాషలోనూ నమ్మకస్తుడు కాడు. రెండో ప్రపంచయుద్ధంలో జర్మనీ పంపిన గూఢచారులను పట్టుకుని తమకే పనిచేయించుకున్న బ్రిటిష్ కమిటీకి రోమన్ అంకెల్లో ఇరవై అని పేరు. ఆ అంకెలో రెండు ఇంటూ గుర్తులు పక్కపక్కన ఉంటాయి, వాటిని ‘డబుల్ క్రాస్’ అని చదివితే నమ్మకద్రోహం అన్న అర్థం వస్తుంది. ఆ వ్యవస్థలో పనిచేసిన స్పెయిన్ దేశస్థుడు హువాన్ పుజోల్‌కు 1944లో జర్మనీ ఐరన్ క్రాస్, బ్రిటన్ ఎం.బి.ఇ. పురస్కారాలు ప్రకటించాయి. ఇద్దరు యజమానులూ అతన్ని తమవాడే అనుకుని మెచ్చుకున్నారు. నిజానికి అతను పనిచేసింది ఒక్కరికే.

మాటలోనే రెండు ముఖాలుంటే అది డబుల్ మీనింగ్. తెలుగులో ఈ పేరు అసభ్య సంభాషణలకే కట్టుబడిపోయింది. ఇంగ్లీషు ‘డబుల్ మీనింగ్’ అంత ఇరుకైనది కాదు, రెండర్థాలున్న ఏ మాటకైనా అది చెల్లుతుంది. సరసపు కొంటెతనానికి ఇంగ్లీషువారు ఫ్రెంచి నుంచి తెచ్చుకున్న వేరే పలుకుబడి ఉంది. మన సాహిత్యంలో రెండర్థాల రచన ఒక గొప్ప విద్య. పదహారో శతాబ్దంలో పింగళి సూరన రాసిన రాఘవపాండవీయంలో కావ్యమంతా ఒక రీతిగా పదాలు విడదీస్తే రామాయణకథ, మరో రీతిగా విడదీస్తే భారతకథ అవుతుంది. పుస్తకం ఒకటే, పద్యం ఒకటే, కథలు రెండు. శ్లేష, ద్వ్యర్థి వంటి మాటలు చేతిలో ఉన్న భాష, ‘డబుల్ మీనింగ్’ అనగానే బూతు అని మాత్రమే గుర్తు తెచ్చుకునే స్థితికి రావడం నష్టమే.

దాచడం అన్నిచోట్లా దోషం కాదు. మందుల పరీక్షల్లో ‘డబుల్ బ్లైండ్’ అంటే ఎవరికి అసలు మందు ఇస్తున్నారో, ఎవరికి ఉత్తి మాత్ర ఇస్తున్నారో రోగికీ తెలియదు, ఫలితాన్ని నమోదు చేసే వైద్యుడికీ తెలియదు. రెండు వైపులా తెర వేయడం వల్లనే ఆ ఫలితానికి విశ్వసనీయత వస్తుంది. లెక్కల పుస్తకంలో డబుల్ ఎంట్రీకి తెలుగువారు పెట్టుకున్న ‘జంటపద్దు’ అన్న పేరు చక్కనిది. 1494లో వెనిస్‌లో అచ్చయిన తన గణితగ్రంథంలో లూకా పాచోలీ వివరించిన ఆ పద్ధతిలో ప్రతి వ్యవహారమూ ఒక ఖాతాకు ఖర్చుగా, మరో ఖాతాకు జమగా రెండుచోట్ల పడుతుంది. సొమ్ము రెట్టింపు కాదు, రెండు వైపుల మొత్తాలు సరిపోకపోతే ఎక్కడో తప్పు జరిగిందని మాత్రం తెలిసిపోతుంది.

చట్టంలో డబుల్ జెపర్డీ అన్నది ఇంకా జాగ్రత్తగా చదవవలసిన మాట. ఒకే నేరానికి మనిషిని రెండుసార్లు ఆపదలో పెట్టకూడదన్నది దాని సారం. అమెరికా రాజ్యాంగానికి 1791లో వచ్చిన ఐదో సవరణ ‘రెండుసార్లు ఆపదలో పెట్టడాన్ని’ నిషేధించింది; అక్కడ నిర్దోషిగా విడుదలైనవాడికీ రక్షణ ఉంది. మన రాజ్యాంగంలోని 20(2) అధికరణం ఒకే నేరానికి ఒకటికి మించి విచారించి శిక్షించడాన్ని నిషేధిస్తుంది. విచారణ, శిక్ష రెండూ జరిగి ఉంటేనే ఆ అధికరణం వర్తిస్తుంది. విడుదలైనవాణ్ణి మళ్లీ విచారించకుండా కాపాడేది రాజ్యాంగం కాదు, పాత నేరవిచారణ స్మృతిలోని 300వ సెక్షన్, దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 337వ సెక్షన్. 1953లో ఒక బంగారం కేసులో, కస్టమ్స్ అధికారులు సరుకు స్వాధీనం చేసుకోవడం న్యాయస్థానపు విచారణ కిందికి రాదు కనుక ఆ తరువాత క్రిమినల్ కేసు పెట్టవచ్చని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ మనిషికి రెండు దెబ్బలు తగిలిన మాట నిజమే, చట్టం దృష్టిలో అవి ఒకే రకానికి చెందిన రెండు కావు.

ఇన్ని అర్థాలున్న మాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు అనువాదకుడు తప్పనిసరిగా ఒక నిర్ణయం తీసుకోవలసి వస్తుంది, ఎందుకంటే తెలుగు ఈ పనిని రెట్టింపు, జంట, జోడు, ద్వంద్వ, ఉభయ, రెండో వంటి వేర్వేరు మాటలకు పంచింది. ఇంగ్లీషులో తేలకుండా వదిలేసినది ఇక్కడ తేల్చక తప్పదు. కొన్నిచోట్ల ఇందులో ఏ మాటా పనికిరాదు. పేకాట బల్ల నుంచి వచ్చిన ‘డబుల్ డౌన్’ను వార్తల్లో నాయకుడు తన వాదనను ‘రెట్టింపు చేశాడు’ అని రాస్తే అర్థం కాదు, ‘పట్టు మరింత బిగించాడు’ అంటే అవుతుంది. తెలుగుకూ తనదైన మసక ఒకటి ఉంది. ధర ‘రెండు రెట్లు పెరిగింది’ అని రాస్తే 50 రూపాయలు 100 అయిందని ఒకరు, ఉన్నదాని మీద రెండు రెట్లు చేరి 150 అయిందని మరొకరు చదువుతారు. ‘రెట్టింపయింది’ అంటే ఆ సందేహం రాదు. తపాలా శాఖ కిసాన్ వికాస్ పత్రం గురించి, 7.5 శాతం వడ్డీతో 115 నెలల్లో సొమ్ము రెట్టింపవుతుందని చెప్పినప్పుడు ఎవరికీ అనుమానం కలగకపోవడం అందుకే.

సందేహం మిగలకూడని చోటు మందు సీసా. మాత్ర వేసుకోవడం మరిచిపోతే తరువాతి వేళకు డబుల్ డోస్ వేసుకోవద్దని మందులతో వచ్చే కాగితం మీద ఉంటుంది. దాన్ని ‘రెండుసార్లు వేసుకోవద్దు’ అని చెబితే రోజుకు రెండు పూటలా వాడవలసిన మందును ఒక పూట మానేసే ప్రమాదం ఉంది. ‘రెండు మోతాదులు ఒకేసారి వేసుకోవద్దు’ అన్నది సరైన మాట. పేరు చివర డి.ఎస్. అని ఉండే మందుల్లో చాలావాటికి అది డబుల్ స్ట్రెంత్. కోట్రైమోక్సజోల్ మామూలు మాత్రలో 80, 400 మిల్లీగ్రాముల చొప్పున రెండు మందులుంటే డి.ఎస్. మాత్రలో అవి 160, 800 ఉంటాయి. రెట్టింపయినది లోపలి మందు, మాత్రల సంఖ్య కాదు. పిల్లల సిరప్‌ల మీద అవే అక్షరాలు కొన్నిసార్లు డ్రై సిరప్‌ను, అంటే నీళ్లు కలిపి వాడే పొడిని సూచిస్తాయి. పారాసెటమాల్ సిరప్‌లు మన మార్కెట్లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాముల బలంతోనూ, 250 మిల్లీగ్రాముల బలంతోనూ దొరుకుతాయి కనుక, పాత సీసా అయిపోయి కొత్తది కొన్నప్పుడు పేరు ఒకటేనని పాత కొలతతోనే పోస్తే బిడ్డకు రెండింతల మందు పడవచ్చు. పేరు పక్కనున్న అక్షరాలను పక్కన పెట్టి, 5 మిల్లీలీటర్లలో ఎన్ని మిల్లీగ్రాములున్నాయో సీసా మీద చదివి, ఆ అంకెను డాక్టరు రాసిన చీటీతో పోల్చుకున్న తరువాతే చెంచాలో పోయాలి.